తాతా అని పిలిపించకుండా ఒక నాటిక: ముసలి, పడుచు స్నేహాన్ని రాసి ఆడించడం ఎలా

మీ కాలనీ తెలుగువాళ్ళు ఉగాదికి నాటిక కావాలన్నారు. "ఒక పెద్దాయన, ఒక పడుచు పిల్లో పిల్లాడో, ఇద్దరికీ స్నేహం, చివర్లో కాస్త కళ్ళు చెమర్చాలి, అరగంటలో అయిపోవాలి" అన్నారు. మీరు మొహమాటానికి తలూపి ఇంటికొచ్చేశారు. ఇప్పుడేం చేయాలో చెబుతాను. చెన్నైలో ఇలాంటివి కొన్ని రాసి, కొన్ని చెడగొట్టి నేర్చుకున్న సంగతులివి.

చెడగొట్టినదే ముందు చెప్పాలి. నా మొదటి నాటికలో తాతగారు చివర్లో చచ్చిపోతాడు. మనవడిలాంటి కుర్రాడు ఆయన చెప్పులు గుండెకి హత్తుకుని ఏడుస్తాడు. సరిగ్గా ఆ ఏడుపు వేళకే హాలు వెనక భోజనాల మూతలు తీశారు. ముందు వరస పిల్లలు లేచారు, వాళ్ళని పట్టుకోడానికి తల్లులు లేచారు. శవంగా పడుకున్న తాతగారు "పులిహోర ఉంటుందో లేదో చూడండ్రా" అని గొణిగితే కాలర్ మైకు ఆ మాటని హాలంతా వినిపించింది. ఆ సాయంత్రం జనం మనసారా చప్పట్లు కొట్టింది అక్కడే. తప్పు పులిహోరది కాదు. నేను రాసిన తాతకి చావడం తప్ప వేరే పని లేదు.

మొదట ఇద్దరికీ ఒక పని పెట్టండి

కాగితం మీద మొదట రాయాల్సింది పాత్రల పేర్లు కాదు, ఒక పని. ఒక్కరివల్ల కానిది, ఇద్దరూ కూర్చుంటే తప్ప తెమలనిది. పార్కు బెంచీ మీద కలిశారు, మాట కలిసింది, మనసు కలిసింది అని రాస్తే ఎవరూ నమ్మరు. ఎనభై ఏళ్ళ మనిషి పక్కన పాతికేళ్ళ పిల్ల ఊరికే ఎందుకు కూర్చుంటుంది? ఆమెకి ఆఫీసుంది, ఫోనుంది, నిద్ర ఉంది. ఆయనా అంతే. ముసలివాళ్ళందరూ ఎవరొచ్చి పలకరిస్తారా అని గుమ్మంలో కాచుకుని ఉంటారనుకోవడం మన గొప్ప. మా వీధిలో ఒకాయనకి పొద్దున మెరీనాలో నడక, పదింటికి బ్యాంకు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీవీలో క్రికెట్. మధ్యలో పలకరిస్తే విసుక్కుంటాడు.

నేను వాడుకున్న పని చెబుతాను, దాన్ని చూసి మీది మీరు వెతుక్కోండి. ట్రిప్లికేన్‌లో పాత ఇల్లు, వీధి అరుగు. కింద పెద్దాయన, మేడమీద గదిలో ఒంగోలు నుంచి ఉద్యోగానికొచ్చిన అమ్మాయి. పొద్దున తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్‌కి తమిళ పేరు) స్టేషన్లో రైలెక్కి తరమణి పోతుంది, చీకటిపడ్డాక వస్తుంది. పెద్దాయనది మూడు తరాల మద్రాసు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం ముక్క చదవలేడు. ఈ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి. వాళ్ళ నాన్న తెలుగులో రాసిన ఇంటి ఖర్చుల పుస్తకం పెట్టెలో ఉంది. అమ్మాయికి తెలుగు చదవడం వచ్చు, తమిళం రాదు. నీళ్ళ లారీవాడితో, ఆటోవాడితో, కరెంటు ఆఫీసులో చేతులు తిప్పుతూ నెట్టుకొస్తోంది. అందుకని ఇద్దరూ ఒక బేరానికొస్తారు: ఆమె రోజుకో పేజీ చదివి పెట్టాలి, ఆయన రోజుకో పది తమిళ మాటలు నేర్పాలి.

ఇక్కడ ఆగితే అది ట్యూషన్ అవుతుంది, నాటిక కాదు. ఇంకో మెలిక పడాలి. తీరా పుస్తకం తెరిస్తే అమ్మాయికీ అది చదవడం రాదు. "సబ్బు, బే" అని ఉంటుంది. బే అంటే ఏంటి? అంకెలన్నీ తెలుగు అంకెలు. ౧-౧౨-౦, అంటే 1-12-0, అని ఉంటే తేదీ అనుకుంటుంది. పెద్దాయనకి అక్షరాలు రావు గానీ డబ్బు తెలుసు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగు, పదహారణాలైతే రూపాయి. ముందున్నది రూపాయలు, నడిమిది అణాలు, చివరిది పైలు, పన్నెండు పైలు ఒక అణా. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అప్పటికాయన పన్నెండేళ్ళవాడు, అణాలిచ్చి పిప్పరమెంట్లు కొన్న చేతులే అవి. ఈమెకి అక్షరం ఉంది, లెక్క లేదు. ఆయనకి లెక్క ఉంది, అక్షరం లేదు. ఇంక ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారన్న ప్రశ్నే రాదు.

మీకు పుస్తకం నచ్చకపోతే ఇంకోటి ఇస్తాను, నేనింకా వాడలేదు. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా ఒకసారి "నేను బతికే ఉన్నాను" అని ధ్రువపత్రం ఇచ్చుకోవాలి కదా. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టని పెద్దావిడ, ఆమెని బతికున్నట్టు నిరూపించాల్సిన పక్కింటి కుర్రాడు. రాసుకోండి.

ఏం పిలవాలి?

ఇదే అసలు చిక్కు. ఇక్కడ కాస్త నిదానంగా కూర్చుందాం.

తెలుగులో పెద్దవయసు మనిషిని ఊరికే పిలవడానికి మాట లేదు. తాతగారు, మామ్మగారు, బాబాయ్, పిన్నిగారు, అంకుల్, ఆంటీ. బస్సులో కాస్త జరగమనాలన్నా చుట్టరికం కలపాల్సిందే. మంచి అలవాటే, కాదనను. కానీ నాటికలో ఆ పిలుపు పడిందంటే స్నేహం అక్కడితో సరి. తాత అనగానే ఆయనకి దీవించే హక్కు, చివాట్లేసే హక్కు, నీతికథ చెప్పే హక్కు వచ్చేస్తాయి. కాళ్ళకి దండం పెట్టడం, మందులు తెచ్చిపెట్టడం, చివర్లో భోరుమనడం ఆమె వంతు. చూసేవాళ్ళకి ముగింపు అప్పుడే తెలిసిపోతుంది. తాత మీద మనవరాలికి ప్రేమ ఉండటంలో వింతేముంది? ఏ చుట్టరికమూ, ఏ బాకీ లేని ఇద్దరు రోజూ సాయంత్రం ఒకే అరుగు మీదకి చేరడంలో ఉంది వింత.

సార్ అంటే ఆఫీసు, మాస్టారూ అంటే పాఠం, అంకుల్ అంటే అద్దె. మరి ఏం పిలిపించాలి? ఏమీ పిలిపించకండి. పిలుపు లేకుండా తెలుగులో సంభాషణ రాయడం ఎంత కష్టమో కూర్చుంటే తెలుస్తుంది. "ఇదిగో", "వింటున్నారా" ఒకటి రెండుసార్లు పనికొస్తాయి. "ఏమండీ" మాత్రం వద్దు, హాలంతా గొల్లుమంటుంది. గేటు గొళ్ళెం చప్పుడు చేయించండి. గొంతు సవరించుకోనివ్వండి. పుస్తకాన్ని అరుగు మీద దబ్బున పడేయించండి. ఆమె ఆయన్ని ఏమీ పిలవడం లేదన్న సంగతి పావుగంటకల్లా ప్రేక్షకులకి తడుతుంది. ఆ ఖాళీని దాచిపెట్టుకోండి, చివర్లో పనుంది.

తరవాత నువ్వు, మీరు. మొదట మీరు అనిపించి, చనువు పెరిగాక నువ్వు అనిపించడం అందరూ చేసే పని. ఈడూజోడూ ఉన్నవాళ్ళ మధ్య అది బాగానే ఉంటుంది. ఇక్కడ బెడిసికొడుతుంది. నాన్నని మీరు అనే ఇళ్ళలో కూడా తాతని, అమ్మమ్మని నువ్వు అనడం చూశాం కదా. అందుకని అమ్మాయి నోట నువ్వు వచ్చిందంటే ఆమె స్నేహితురాలు కాలేదు, మనవరాలైపోయింది. చివరిదాకా మీరు అనే అనాలి. మారాల్సింది దాని పక్కన పడే మాట. మొదటి రంగంలో "మీరు కూర్చోండి". రెండో రంగంలో "మీరు కాస్త జరగండి". మూడో రంగంలో "మీరు అబద్ధం చెబుతున్నారు". మర్యాద అలాగే ఉంది, బెరుకు పోయింది. పెద్దాయన సంగతి వేరు. అద్దెకున్న పిల్ల కాబట్టి మొదట ముభావంగా "మీరు రాత్రిపూట మోటారు వేయకండి" అంటాడు. మొదటి తగువులో కోపంలో నువ్వు జారుతుంది. జారింది జారినట్టే ఉండిపోతుంది.

యాసతో నవ్వించాలని చూడకండి. మద్రాసు తెలుగుని వెక్కిరిస్తే నవ్వేవాళ్ళు ముందు వరసలో నలుగురు, నొచ్చుకునేవాళ్ళు వెనక నలభైమంది. "చెప్తా ఉండా", "సరి, సరి" లాంటివి రెండు మూడు చాలు. అమ్మాయి "ఏందండీ ఇది" అంటే ఒంగోలు తెలిసిపోతుంది.

వాళ్ళని పోట్లాడించండి

పోట్లాట లేని స్నేహం స్టేజీ మీద నిలవదు. దానికీ భాషే దారి చూపించింది. తెలుగులో అవసరం అంటే కావాల్సి రావడం. తమిళంలో అవసరం అంటే తొందర. మూడు తరాలుగా ఇక్కడున్న పెద్దాయన తెలుగులో తమిళ అర్థాలు దూరి కూర్చున్నాయి. ఒకటో తారీఖున అమ్మాయి అద్దె తెచ్చిస్తే ఆయన "అవసరం లేదమ్మా" అంటాడు, తొందరేం లేదని. ఈయనెంత దేవుడో, అద్దే వద్దన్నాడని ఆమె మేడమీదకి పోయి అమ్మకి ఫోను చేసి మరీ చెబుతుంది. పన్నెండో తారీఖున ఆయన గుమ్మంలో నిలబడి "అద్దె ఏదీ?" అంటాడు. డబ్బు ఖర్చయిపోయింది. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరూ తగ్గరు. ఈ తగువు రాయడానికి నాకు ఒక్క రాత్రి పట్టింది, ప్రదర్శనలో ఎక్కువ నవ్వులు దీనికే పడ్డాయి. మీకూ ఇలాంటి మాటలు దొరుకుతాయి: తెలుగువాడికి తొందర అంటే వేగం, తమిళంలో తొందరవు అంటే ఇబ్బంది.

పెద్దాయన సంవత్సరాలు లెక్క వేయండి

ఒక చీటీ మీద ఆయన పుట్టిన ఏడాది రాసి, దాని కింద పెద్ద సంఘటనలన్నీ వరసగా వేసి, పక్కన ఆయన వయసు వేయండి. ఇది చేయకపోవడం వల్లే మన నాటికల్లో ఇప్పటికీ ముసలాయనలందరూ స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళి వస్తున్నారు. 2025లో 80 ఏళ్ళున్న మనిషి 1945లో పుట్టాడు. 1947 ఆగస్టు నాటికి రెండేళ్ళవాడు, ఏ జైలుకెళ్తాడు? మైలాపూరులో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష తరవాత 1952 డిసెంబరు 15న కన్నుమూసినప్పుడు ఏడేళ్ళు. మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1న ఎనిమిదేళ్ళు. ఇవి ఆయనకి ఉపన్యాసాలుగా గుర్తుండవు. ఇంటికొచ్చిన చుట్టాలు గట్టిగా అరుచుకోవడం, నాన్న ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోవడం, అంతే.

చీటీలో అసలు లాభం కింద వరసల్లో ఉంది. 1986 సెప్టెంబరులో చేపాక్‌లో భారత్, ఆస్ట్రేలియా టెస్టు టై అయింది. డీన్ జోన్స్ ఎండకి వాంతులు చేసుకుంటూ 210 కొట్టిన మ్యాచి. అప్పుడాయనకి 41. ట్రిప్లికేన్ నుంచి చేపాక్ నడిచిపోయే దూరం. ఇంకేం, చివరి బంతి కళ్ళారా చూశానంటాడు, బెయిల్స్ ఎగిరిపోయాయంటాడు. అమ్మాయి ఫోనులో వెతికి చూస్తుంది. చివరి వికెట్టు ఎల్బీడబ్ల్యూ, బంతి తగిలింది కాలికి, వికెట్లకి కాదు. "మీరు అబద్ధం చెబుతున్నారు" అన్నమాట ఇక్కడే పడుతుంది. కాసేపు బుసలు కొట్టి ఒప్పుకుంటాడు: టికెట్టు కొన్నాడు, సెలవు దొరకలేదు, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి జనం కేక విన్నాడు. ముసలాయన్ని ఒక్కసారైనా తప్పు చేయించండి. జ్ఞానులతో మనం మాట్లాడం, వింటాం.

పుస్తకం తయారు చేసుకోవడం

ఇది చేతిపని, ఓపికుంటే మీరే చేయొచ్చు. ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి కాగితాల దుకాణాల్లో పొడుగాటి లెక్కల పుస్తకం, ఎర్ర అట్టది, కొనండి. చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి దూదితో పేజీలకి అద్ది నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పెళుసెక్కి, స్టేజీ మీద తిప్పుతుంటే చిరుగుతుంది. నేనొకసారి ఎండలోనే పెట్టాను. రాత బాల్ పెన్నుతో వద్దు, సిరా కలంతో రాయండి. ముందు వరసకి కూడా అక్షరాలు కనపడవు కదా అంటారేమో. నటికి కనపడతాయి. నిజంగా చదువుతున్న కళ్ళు వేరు, నటిస్తున్న కళ్ళు వేరు.

ఇంకో ఉపాయం, ఎవరికీ చెప్పకండి. అమ్మాయి మాటలు ఆ పేజీల్లోనే సన్నగా రాసి పెట్టండి. మర్చిపోతే పుస్తకమే ప్రాంప్టరు.

ఏడుపు సంగతి

పుస్తకంలో ఏముండాలి? ఆస్తి రహస్యం, ఎక్కడో ఉన్న తమ్ముడు, నాన్న రాసిన క్షమాపణ ఉత్తరం, ఇవేవీ వద్దు. అది ఖర్చుల పుస్తకం, ఖర్చులే ఉండాలి. పాలు, కిరసనాయిలు, చాకలి, పోస్టు కార్డు.

మొదటి రంగం నుంచీ పెద్దాయనకి నాన్న మీద ఒక కోపం పెట్టాను. బడిలో డ్రిల్లుకి అందరికీ కాన్వాసు బూట్లున్నాయి, పిసినారి నాన్న తనకి కొనలేదు, రెండేళ్ళు వట్టికాళ్ళతో చివరి వరసలో నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళయినా ఆ మాట వస్తే గొంతు మారుతుంది. పుస్తకంలో ప్రతి శనివారం ఒక పద్దు ఉంటుంది: "అబూ, బే". ఎవరీ అబూ? ట్రిప్లికేన్ కదా, ఎవరో సాయిబుకి బాకీ అయి ఉంటుందని ఇద్దరూ అనుకుంటారు. పెద్దాయనకి వీధి చివర దర్జీ ఒకాయన కూడా గుర్తొస్తాడు, గడ్డంతో సహా వర్ణిస్తాడు. జనం నవ్వుతారు. నవ్వనివ్వండి, మూడు రంగాల దాకా అబూ మీద నవ్విస్తూనే ఉండండి. నాలుగో రంగంలో ఒక పేజీలో, సిరా నిండుగా ఉన్న రోజో ఏమో, ఆ పద్దు పూర్తిగా రాసి ఉంటుంది. అమ్మాయి చదువుకుంటూ పోతూ ఆగిపోతుంది.

"అబ్బాయి బూట్లు, బేడ."

దాని కింద రెండు పద్దుల తరవాత: "అ.బూ. నుంచి తీసినది, డాక్టరుకి, ౧-౧౨-౦."

ఇక్కడ మీ చెయ్యి వణుకుతుంది, ఆయన చేత "నాన్నా!" అని అరిపించాలనిపిస్తుంది. వద్దు. ఆయన్ని లెక్క వేయనివ్వండి. రూపాయి పన్నెండణాలంటే పద్నాలుగు బేడలు. పద్నాలుగు శనివారాలు. "బూట్లు నాలుగు రూపాయలు" అంటాడు. వేళ్ళు కదులుతాయి. "ఇంకా పద్ధెనిమిది బేడలు కావాలి." అంతే ఆయన మాట. తరవాత పుస్తకం ఆమె వైపు తోసి, "ఆ పేరు మళ్ళీ చదువు" అంటాడు. ఆమె చదువుతుంది. వయొలిన్ వేయొద్దని సౌండు కుర్రాడికి ముందే చెప్పండి, చెప్పినా వేస్తాడు, కాబట్టి ఆ రంగానికి అతన్ని టీకి పంపండి. లోపల ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి దీపాలు తీయండి. ఏడవాల్సినవాళ్ళు చీకట్లో ఏడుస్తారు. స్టేజీ మీద ఏడిస్తే కింద కూర్చున్నవాళ్ళకి ఆ పని మిగలదు.

ముగింపులో ఎవర్నీ చంపకండి. చెన్నైలో మనుషులు విడిపోడానికి చావక్కర్లేదు, ఆఫీసు దగ్గర గది దొరికితే చాలు. అమ్మాయికి పెరుంగుడిలో గది దొరికింది. సంచులు అరుగు మీద ఉన్నాయి. పెద్దాయన అడుగుతాడు: "ఫోనులో నా నంబరు ఏమని రాసుకున్నావు?" దాచిపెట్టుకోమన్న ఖాళీ ఇక్కడ నిండుతుంది. ఆమె ఫోను చూపిస్తుంది. తమిళ అక్షరాల్లో రాసుకుంది, ఆయన చదవగలిగేలా. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటాడు. "అపూ?" తమిళంలో పకీ బకీ ఒకటే అక్షరం. "అబూ" అంటుందామె, "మీ అక్షరాలు ఇంతే మరి." ఆటో హారన్. తెర.

నటులు

పెద్దాయన వేషానికి పెద్దాయన్నే వెతకండి. కుర్రాడి జుట్టుకి పౌడరు కొడితే లైట్ల కింద సున్నం కొట్టిన గోడలా ఉంటుంది, తల గోక్కుంటే రాలుతుంది. నిజం పెద్దాయనకి పొడుగు డైలాగులు ఇవ్వకండి, సాయంత్రం ఏడు దాటాక రిహార్సల్ పెట్టకండి. మేడమెట్లు ఎక్కించకండి. మాట మర్చిపోతే కంగారుపడక "తరవాత ఏంటి?" అని అమ్మాయిని అడగమనండి. ఈ నాటికలో అది డైలాగులాగే వినిపిస్తుంది.

అమ్మాయి వేషం కష్టం. తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఇక్కడ పెరిగిన మన పిల్లలు చాలామందికి తెలుగు మాట తప్ప రాత రాదు. నాకు దొరికిన అమ్మాయీ అంతే. తెలుగు చదివే పిల్ల వేషం, తెలుగు చదవడం రాని పిల్ల. మాటలు తమిళ అక్షరాల్లో రాసిస్తే గదిని "కది" అంది, బేడని "పేడ" అంది. పేడ ఎంత అని పెద్దాయన అడిగితే రిహార్సల్ అక్కడే ఆగిపోయింది. దారి తమిళ శ్లోకాల పుస్తకాల్లో దొరికింది. వాటిలో క అక్షరం పక్కన పైన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు: 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. ప పక్కన 3 వేస్తే బ. ఆ అంకెలతో రాసిచ్చాను, రెండు రోజుల్లో పట్టుకుంది. తరవాత ఏమైందంటే, స్టేజీ మీద పుస్తకంలో తెలుగు అక్షరాలే ఉండాలని ఆ పిల్లే పట్టుబట్టి, పెద్దాయన వేషం వేసినాయన దగ్గర విరామాల్లో అక్షరాలు దిద్దింది. నాటికలో ఆయనకి తెలుగు చదవడం రాదు, బయట బ్రహ్మాండంగా వచ్చు.

హాలు, మైకు

డిసెంబరు మాట మర్చిపోండి, మార్గళి మాసపు సంగీత కచేరీలకి సభా హాళ్ళన్నీ ఎప్పుడో అయిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాన. మార్చిలో పిల్లల పరీక్షలు, కాబట్టి ఉగాది నాటికకి సంక్రాంతి దాటగానే మొదలుపెట్టాలి. కాలర్ మైకుల గురించి పైన చెప్పాను. భోజనాలవాళ్ళతో మీరే స్వయంగా మాట్లాడండి, ఆఖరి రంగం అయ్యేదాకా మూత తీయనని మాట తీసుకోండి. సంఘం కార్యదర్శికి చెప్పి ఊరుకోవద్దు.

ఈ ఊళ్ళో తెలుగు నాటకం ఎవరు చూస్తారని నిరుత్సాహపరిచేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళకి ఇది చెప్పండి. బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సభతో మద్రాసు వచ్చి తెలుగు నాటకాలాడితే, వాటిని చూసి ఊగిపోయి పద్ధెనిమిదేళ్ళ తమిళ కుర్రాడు ఒకడు 1891లో ఇక్కడ సుగుణ విలాస సభ పెట్టాడు. అతనే పమ్మల్ సంబంధ ముదలియార్, ఆధునిక తమిళ నాటకరంగానికి పెద్ద దిక్కు. తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసింది కూడా ఆ రామకృష్ణమాచార్యులే. ఏడిపించడంలో మనకి పాత అనుభవం ఉంది.

తెర పడ్డాక

యాంకరు మైకు పట్టుకుని "పెద్దలను గౌరవించాలని ఈ నాటిక ద్వారా..." అని మొదలుపెట్టకముందే లైట్లు వేసి భోజనాలకి పొమ్మనండి. దండలు, జ్ఞాపికలు తరవాత ఇచ్చుకోవచ్చు.

మేం ఆడిన రోజు నేను పుస్తకం సర్దుతుంటే, ప్రేక్షకుల్లోంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని మేకప్ గదిలోకి వచ్చారు. బాగుందంటారేమో అని లేచి నిలబడ్డాను. నన్ను చూడనేలేదు. నేరుగా అమ్మాయి దగ్గరికెళ్ళి, "నాలుగు రూపాయలేంటమ్మా, ఆ రోజుల్లో కాన్వాసు బూట్లు అంత ఎక్కడివి?" అన్నారు. ఏ వీధిలో, ఎవరి కొట్టులో, ఎంతకి కొన్నారో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పిల్ల మేకప్ తుడుచుకుంటున్నదల్లా దూది పక్కన పెట్టి, పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, "ఆగండాగండి, మెల్లగా చెప్పండి" అంటూ పెన్సిలు కోసం వెతుక్కుంది. నేను వెళ్ళి ఇద్దరికీ ప్లేట్లు పట్టుకొచ్చి పెట్టాను. అరగంట తరవాత చూస్తే పులిహోర అలాగే ఉంది.